గజ్జెల దెయ్యంతో నా బేరం

మూఢనమ్మకాలతో పోరాడి ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి. పైగా ఆ ఇల్లు అప్పటికింకా నాది కూడా కాలేదు.

ఖరగ్‌పూర్‌లో పగలు పాఠాలు చెప్పి, సాయంత్రాలు పాడుపడ్డ ఇళ్లు వెతికేవాణ్ణి. చవగ్గా కొని, బాగుచేయించి, లాభానికి అమ్మాలని ఆశ. ఊళ్లోనే, ఝపటాపూర్‌లో రైలు పట్టాల పక్కన ఒకటి దొరికింది. గోల్‌బజార్‌లో పప్పుల కొట్టు నడిపే అప్పలనరసయ్యది. సగం ధరకే ఇస్తానన్నాడు. సగానికి ఇచ్చేవాడు పూర్తి మోసగాడై ఉండాలి కదా! వకీలు చూసి కాగితాలు శుభ్రంగా ఉన్నాయన్నాడు. దాంతో వకీలు మీద కూడా అనుమానం వచ్చింది. గోడలు తట్టాను, నూతిలోకి తొంగిచూశాను, నరసయ్య ఇచ్చిన టీని వాసన చూసి తాగాను. చివరికి ఆయన్నే నిలదీశాను.

“మీకాడ దాపరికమేటి మేస్టారూ,” అన్నాడు నీరసంగా. “ఆ ఇంట్లో గజ్జెల సప్పుడవుతాది. ఆడమనిషేదో తిరుగుతాదంట. అద్దెకి కూడా ఎవులూ రారు.”

బుద్ధున్నవాడైతే అక్కడే అడ్వాన్సిచ్చి నోరు మూసుకునేవాడు. నేను చర్చావేదికల మీద పెరిగినవాణ్ణి. దెయ్యం మాటెత్తితే నాకే పూనకం వస్తుంది. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడట వెనకటికొకడు. కొని రమ్మంటే దెయ్యాన్ని కాల్చడానికి బయల్దేరాను నేను.

ఆదివారం వీధినంతా ఆ ఇంటికి పిలిచాను. దూలానికి పాత ఉయ్యాల గొలుసు వేలాడుతోంది. గూడ్సు బండి వెళ్లింది, ఇల్లదిరింది, గొలుసు ఘల్లుమంది. జనం గుమ్మం వైపు జరిగారు. రెండో బండికి గొలుసు గుప్పిట పట్టుకున్నాను. చప్పుడు లేదు. బండి సగంలో ఉండగా వదిలాను. ఘల్లు! ఇక ఉపన్యాసం అందుకున్నాను. పక్కింటి బెంగాలీ దీదీ కూడా చప్పట్లు కొట్టింది. అందరికన్నా శ్రద్ధగా విన్నవాడు నరసయ్య.

మర్నాడు అడ్వాన్సుతో కొట్టుకి వెళితే, కందిపప్పు తూస్తూ తలైనా ఎత్తలేదు.

“ఇల్లు అమ్మట్లేదు మేస్టారూ. మా పెద్దోడి కాపురం అందులోనే పెడతాం.”

మాటిచ్చారు కదా అన్నాను.

“దెయ్యముందని ఇచ్చినాను. లేదని మీరే తేల్సినారు.”

అంత చవకైన ఇల్లు చేజారుతుంటే మనిషి ఎంతకైనా దిగజారతాడు. గొంతు తగ్గించి, “నరసయ్యగారూ, శాస్త్రానికి అందనివి కూడా కొన్ని ఉంటాయి,” అన్నాను.

ఆయన తక్కెడ దించి నావైపు జాలిగా చూశాడు. “సదువుకున్నోరు, మీరు కూడా అలాటియి నమ్ముతారేటి?”

అప్పలనరసయ్య తక్కెడ సాక్షిగా ఆ రోజే శపథం పట్టాను. దెయ్యాలు లేవు. ఈ సత్యాన్ని ప్రాణం పోయినా చాటుతాను, రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక.