బురుజు మీది సవతి

మా వదిన ఫిలొమీనా అసూయ సంగతి మా కిల్‌మోరన్‌లో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళైన కొత్తలో మా అన్నయ్య మాలకీ తన కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటున్నాడని, దాన్ని గొర్రెలు కాయమని పుట్టింటి పొలానికి పంపించేసింది. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడను అన్నయ్య ఒకసారి మెచ్చుకున్నాడు. అంతే, ఆ ఏడాదంతా మొగుడూ పెళ్ళాలు పాటల్లేని పొద్దుటి పూజకే వెళ్ళారు.

నేను వాళ్ళ ఎదురింటిదాన్ని. వదిననేమీ తప్పుపట్టను. మా అన్నయ్య ఇంట్లో బెల్లం కొట్టిన రాయి. వదిన బడి వంటగదిలో పొద్దంతా ఊరి పిల్లలకు వండి, ఇంటికొచ్చి తన ముగ్గురు పిల్లలకూ పెట్టి, సాయంత్రం పూట అతని ఎదురుగా కూర్చుని కబుర్లు చెబితే, టీ కప్పులోకి చూస్తూ "ఊఁ" అనేవాడు. ఉప్పు కావాలన్నా వేలు చూపించడమే. ఇక ఆ నోట్లోంచి ఎప్పుడో రాలే ఒక్క మంచిమాట ఎవరి పాలవుతోందో ఆమె చూసుకోదూ?

అన్నయ్య పోస్ట్‌మన్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పాత ఊరంతా యాత్రికులకు తిప్పి చూపించే పని ఊరి కమిటీ వాళ్ళు అతనికి అప్పజెప్పారు. ఉత్తరపు ద్వారం దగ్గర మొదలుపెట్టి, కోటగోడ వెంట మఠం దాకా, అక్కణ్ణుంచి ఏటి ఒడ్డున బురుజు, చివరికి వెన్నసంత వీధి. ఆ రాయికి అప్పుడొచ్చింది నోరు. ఎక్కడ దాచుకున్నాడో గానీ, మాటలు వరదలా వచ్చాయి.

"మీ ఆయన బురుజు దగ్గర లేడీ మార్జరీ కథ చెప్తుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదమ్మా" అన్నాడు మాంసం కొట్టు గస్, పక్కటెముకలు కొడుతూ.

వదిన పొట్లం తీసుకోకుండానే వచ్చేసింది. "నన్ను ఆస్పత్రిలో చేర్చిననాడు కూడా మీ అన్న నోరు విప్పలేదు. ఇప్పుడు ఎవత్తి కోసమో ఊరిని ఏడిపిస్తున్నాడా?" అని నా మీద పడింది.

"ఎవత్తో ఏమిటి వదినా, ఆవిడ పోయి నాలుగొందల ఏళ్ళయింది. ఎముకలు కూడా మిగిలుండవు."

"ఎముకలు లేకపోతేనేం, ఆయన నోట్లో బతికే ఉందిగా!"

నాకు నవ్వొచ్చింది. సవతి పోరు చాలామంది పడతారు గానీ, ముట్టడిలో మగడి కోసం బురుజెక్కి ఎదురుచూస్తూ ప్రాణం విడిచిన మహాతల్లితో పోరు పడటం మా వదినకే చెల్లింది. చివరికి ఒకరోజు ఇద్దరం వానకోట్లు తొడుక్కుని, తలమీది టోపీలు ముక్కుదాకా లాక్కుని, అమెరికా నుంచి వచ్చిన గుంపు వెనక చేరాం.

బురుజు దగ్గర అన్నయ్య గొంతు మారింది. "మార్జరీది ఎడమచేతి వాటం" అన్నాడు. "నవ్విందంటే ఎక్కిళ్ళు. అవి ఆగడానికి తన ముక్కు తనే పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి నిలబడేది. ఆ ఎక్కిళ్ళ చప్పుడు విని, కింద కాపలావాళ్ళు కూడా నవ్వేవారు."

అందరూ నవ్వారు. కాసేపటికి అందరూ కళ్ళు తుడుచుకున్నారు. వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఎక్కిళ్ళ సంగతి ఏ చరిత్రలో రాసి ఉందే?"

నేనేం చెప్పను? అవి ఎవరి ఎక్కిళ్ళో మా ఈడువాళ్ళందరికీ తెలుసు. ఎడమచేత్తో కత్తెర పట్టే దర్జీవాళ్ళమ్మాయి, నవ్వితే ముక్కు పట్టుకునే సబీనా టూహీ. అన్నయ్యను కాదని ఓడెక్కి లివర్‌పూల్ వెళ్ళిపోయింది. ఆ తర్వాతే అన్నయ్యకు ఈ సంబంధం కుదిరింది.

ఆ సాయంత్రం వదిన గొంతు వీధికంతా వినిపించింది. "నువ్వు జనాన్ని తిప్పే దారిలో ఆ బురుజు ఉండటానికి వీల్లేదు! అది ఉంటే నేనుండను!"

"ఊఁ" అన్నాడు అన్నయ్య.

అన్నట్టే తీసేశాడు. మఠం నుంచి నేరుగా వెన్నసంత వీధికి తిప్పేశాడు. వదిన గెలిచింది. ఆ నెలంతా ఆమె నడకే వేరు. పెదాలకు రంగేసుకుని గస్ కొట్టుకు వెళ్ళి, "ఆ పాత రాళ్ళలో ఏముందిలే, నేనే మానిపించాను" అని చెప్పి మరీ వచ్చింది. అన్నయ్యకు ఆపిల్ టార్టులు చేసిపెట్టింది. నాక్కూడా ఒక ముక్క దక్కింది.

తర్వాత ఒక శుక్రవారం జడివాన పట్టుకుంది. యాత్రికులెవరూ రాలేదు. అన్నయ్య భోజనానికీ రాలేదు. గొడుగు పట్టుకుని వెతకబోయిన వదిన, ఆ గొడుగు మూసి చంకలో పెట్టుకుని, ముద్దగా తడిసి మా గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"బురుజు దగ్గరున్నాడే. ఒక్కడే. పెదాలు కదులుతున్నాయి."

"వాన తగ్గాలని ఆగి ఉంటాడులే వదినా."

"టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు డింప్నా. వానకు ఆగినవాడు టోపీ తీస్తాడా?"

ఆమె కుర్చీలో కూలబడింది. "ఇన్నాళ్ళూ ఆ ఎక్కిళ్ళదాన్ని వచ్చినవాడికల్లా తలా ఇంత పంచిపెట్టాడు. నేను వద్దన్నాక మొత్తం ఆయనకే మిగిలింది. నా చేతులారా ఇద్దర్నీ లోపల పెట్టి తలుపేసొచ్చానే" అంది. ఆమె కళ్ళలో మంట చూస్తే నాకే భయమేసింది.

నేనే ఆమెను ఇంటికి తీసుకెళ్ళాను. అన్నయ్య వచ్చాడు. చల్లారిన పంది మాంసం, క్యాబేజీ వేడిచేసి అతని ముందు పెట్టి, వదిన నిలబడే ఉంది.

"రేపట్నించి జనాన్ని మళ్ళీ బురుజు దగ్గరికి తీసుకెళ్ళు."

అన్నయ్య తలెత్తాడు. "ఎందుకు?"

"అందరూ అడుగుతున్నారు. ఆ కథ చెప్పు. ఎక్కిళ్ళతో సహా చెప్పు. నాకేం బాధ లేదు."

అన్నయ్య ఫోర్కు కింద పెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే ఫిలొ. నువ్వన్నదే నిజం. అక్కడ జనానికి చూపించాల్సిందేమీ లేదు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆమెతో అంత మెత్తగా మాట్లాడటం నేను వినలేదు. వదిన చెయ్యి వెనక్కి తీసుకుని, పంపు తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.