స్పీకర్ ఆపిన ఆదివారం

మా అమ్మాయికి పదిహేనేళ్లు. మూడు వారాలుగా సరిగ్గా తినడం లేదు, సోమవారం వస్తే స్కూలుకు వెళ్లనని మంచం దిగడం లేదు. ఏమైందే అంటే జర్మన్‌లో "ఆలెస్ గూట్" అంటుంది. అంతా బాగుందట! ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఈ జర్మనీలో సైకాలజిస్టు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడిగితే నాలుగు నెలలు ఆగమన్నారు.

ఆఫీసులో నా పక్క సీటావిడది నార్వే ఉత్తరాన సామీ ఆదివాసీ కుటుంబం. లంచ్‌లో ఆవిడ దగ్గర వాపోయాను. ఆ వయసులో తనకు బతకాలని ఉండేది కాదంది. స్కూల్లో వెక్కిరింపులు, ఇంట్లో రెయిన్‌డీర్ మందల పని. వాళ్లింట్లో బాధ పైకి చెప్పుకునే అలవాటే లేదు.

"మా పెద్దమ్మకు మాత్రం చెప్పేదాన్ని. ఏం చెప్పావని అమ్మ ఎప్పుడూ అడగలేదు," అంది.

తల్లి అడగకపోవడమేమిటి! ఆ తల్లి మీద కోపమొచ్చింది. మా పిల్లకు మాత్రం పిన్ని లేదా? ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కాకినాడలో మా చెల్లెలికి వీడియో కాల్ చేస్తూనే ఉన్నాం కదా.

ఆ ఆదివారమూ చేశాం. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి ముగ్గురం కూర్చున్నాం.

"ఏమే బంగారం, అలా చిక్కిపోయావేంటి?" అంది చెల్లెలు.

పిల్ల నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "తింటేగా! రోజంతా గదిలోనే." వాళ్ల నాన్న ఇంకో మాట కలిపారు. పిల్ల నావైపు చూసింది. పుట్టినప్పటి నుంచి దాన్ని పిన్నితో ఒక్కసారీ ఒంటరిగా మాట్లాడనివ్వలేదని అప్పుడు తట్టింది. నా మీద నాకే చిరాకేసింది.

స్పీకర్ ఆపి ఫోన్ దాని చేతిలో పెట్టాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గంట దాటినా రాలేదు. ఏడుపు వినిపించి రెండుసార్లు తలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చాను.

మర్నాడు ఆఫీసు నుంచి చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఏం చెప్పిందే?"

"ప్రాణం మీదకి తెచ్చుకునేదేం లేదక్కా. ఉంటే నీకు చెప్పకుండా ఉంటానా? మిగతాది అడక్కు."

"కన్నతల్లిని నేను!"

"అందుకే అడక్కంటున్నా."

విసురుగా పెట్టేశాను. ఇంటికొచ్చేసరికి సింకులో తిన్న కంచం ఉంది. స్కూలుకు మాత్రం ఆ రోజూ వెళ్లలేదు. అడగడానికి వంద ప్రశ్నలు నోటిదాకా వచ్చాయి.

"పిన్నికి కలపనా?" అన్నాను.

"నా ఫోన్ నుంచి చేసుకుంటాలే అమ్మా," అంది తెలుగులో. తలుపు పడింది.

నాకేమీ వినపడకుండా వంటింట్లో చిమ్నీ ఫ్యాన్ వేసుకుని, దాని కింద నిలబడ్డాను.