తాడు పట్టినోడు చెప్పిన అంకె

ఆరేండ్లయింది. ఈ ఆరేండ్ల సంది ఒక అంకె నా లోపల కూసొని ఉంది. లేవదు, పోదు. పండ్ల సందుల ఇరికిన పీచు లెక్క, ఊకె నాలుక ఆడికే పోతది. ఎవరికి చెప్పాల్నో తెల్వక మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు, గది మంచిదే. నా పేరు రాయను. ఆ కొండ పేరు గూడ రాయ. రాస్తె ఆ ఏడు మా దిక్కుకెల్లి ఎవరెవరు పోయిండ్రో లెక్క తీసి పట్టుకుంటరు. నేపాల్‌ల ఉంటది, దునియల ఉన్న పెద్ద కొండలల్ల ఒకటి. అంతవరకు తెలిస్తె సాలు.

మాది వనపర్తి పక్కపొంటి ఊరు. పల్లిచేన్లు, గుట్టలు. గుట్టలెక్కే పిచ్చి చిన్నప్పటి సంది ఉండె. కొండలెక్కుడు నేర్పే శిక్షణకు పోయిన కాడ ఒకాయన దోస్తు అయిండు. ఆయన్ను లింగయ్య అని రాస్త, అసలు పేరు కాదు. మన్ననూర్ దాటినంక అడివిల ఉండే ఒక చెంచు పెంట ఆయనది, పెంట అంటె వాండ్ల చిన్న గూడెం. నాకంటె మూడేండ్లు పెద్ద. మేమంత చేతులు గీసుకపోయి ఏడుస్తుంటె, ఆయన రాయి మీద ఇంట్లకు పోయినట్టు పోతుండె. మా సార్లు గూడ నోరు తెర్సుకొని సూసేది.

ఎట్ల ఎక్కుతవు అన్నా అని అడిగితె, నాకు ఎక్కుడు కాదు దిగుడొస్తది అన్నడు. వాండ్ల పెంటల తేనె దించుతరు. బండ అంచుకెల్లి తాడు ఇడుస్తరు, మనిషి ఆ తాడు పట్టుకొని పొగల, తేనెటీగలల్ల కిందికి దిగుతడు. పైన తాడు పట్టేటోడు ఎవరుండాల్నో వాండ్లకు ఒక లెక్కుంది. అన్నగాని తమ్ముడుగాని పట్టొద్దు. భార్య తోడబుట్టినోడే పట్టాలె. ఎందుకంటె అన్నదమ్ములకు ఏనాడన్న పగ పుట్టొచ్చు, బామ్మర్దికి మాత్రం సొంత అక్క బతుకే ఆ తాడుకు ఏలాడుతుంటది, సచ్చినా ఇడువడు. ఇంకో లెక్క గూడ ఉంది. కిందోనికి పొగల ఏం కానరాదు, గందుకే కిందోడు ఏం ఆలోచన చెయ్యొద్దు. పైనోడు దిగుమంటె దిగాలె, రమ్మంటె రావాలె.

లింగయ్య భార్య పెద్దమ్మికి అన్నదమ్ములు లేరు. నేను ఒక ఎండకాలం వాండ్ల పెంటకు పోయినప్పుడు ఆమె తాడు కొస తెచ్చి నా చేతుల పెట్టింది. ఇయ్యాల్టి సంది నువ్వు నా తమ్మునివి అన్నది. నేను నవ్విన. ఆమె నవ్వలె. ఆ కాలం నేను మూడుసార్లు తాడు పట్టిన, మూడుసార్లు ఆయన పైకొచ్చి నా అరిచేతుల తేనె పెట్టిండు. గంతనే, గిట్ల నేను బామ్మర్దినైన.

ఇగ కొండ ముచ్చట.

మా టీంల ఒక షరతుండె. ఇద్దరిద్దరం జోడీ. జోడీల ఒకడు దిగితె రెండోడు గూడ దిగాలె, ఒంటరిగ ఎవర్ని పైకి పోనియ్యరు. నాకు జోడీ లింగయ్యనే. రోజు పొద్దుగూకే ముందల కింది క్యాంపుల ఉన్న డాక్టరు వాకీటాకీల అందరి అంకెలు అడుగుతడు. కరోనాల అందరం వేలికి పెట్టుకున్నం సూడుండ్రి, గదే క్లిప్పు, గదే అంకె. ఒంట్లె గాలి ఎంత అందుతుందో చెప్తది. మేమున్న పై క్యాంపుల డెబ్బైకి తక్కువుంటె మారుమాట లేకుంట దిగాలె. గట్లని డాక్టరు నా చెవులు పట్టి చెప్పినంత పని చేసిండు.

ఆ దినం లింగయ్యకు పొద్దటి సంది దగ్గు. తల పలుగుతున్నదన్నడు. చాయ తాగితె కక్కిండు. నేను క్లిప్పు ఆయన వేలికి పెట్టిన. అరవై రెండు.

చలికి వేలు గడ్డకట్టి తప్పు సూపిస్తున్నది అనుకున్న. నిజంగ గట్ల అయితది, అందరికీ అయితది. ఆయన చెయ్యి నా సంకల పెట్టుకొని కాసేపు ఎచ్చజేసిన. మల్ల పెట్టిన. అరవై నాలుగు. ఇక్కడ జర ఆగుత. ఎందుకంటె ఈ ఆరేండ్లల్ల నన్ను నేను ఇడిపించుకోను ఎన్ని సాకులు ఎతికినా, ఈ రెండోసారి పెట్టుడు కాడికొచ్చి అన్నీ ఆగిపోతున్నయి. ఒక్కసారే పెట్టి ఉంటె తెల్వక చేసిన అని అనుకొని బతికేటోన్నేమో. తెల్సుకోనికె ఎచ్చజేసిన. తెల్సుకున్న. తెల్సినంక ఏం చేసిన?

ఆయన పండుకొని కండ్లు మూసుకొని ఉండె. ఆయనకు సదువొస్తది, అంకె సూసుకోవచ్చు. తల తిప్పితె సాలు, క్లిప్పు ఆయన వేలికే ఉండె. తిప్పలె.

"ఎంతుంది బామ్మర్దీ?" అన్నడు.

"డెబ్బై ఆరు."

"దిగుమంటవా, ఎక్కుమంటవా? నువ్వెట్లంటె గట్ల."

"ఎక్కుదం బావా."

సరే అని అటు దిక్కు తిరిగి పండుకున్నడు. వాకీటాకీల డాక్టరు అడిగితె గదే డెబ్బై ఆరు చెప్పిన. నా గొంతు వణకలె. చలికి అందరి గొంతు వణుకుతుండె, నాది మాత్రం వణకలె. గది నాకు ఇప్పటికీ సమజ్ అయితలేదు.

ఎందుకు చేసిన? వాతావరణం రెండు దినాలే మంచిగుంటదన్నరు. ఇప్పుడు దిగితె ఇగ ఎక్కేది లేదు. ఊర్ల డప్పులు కొట్టి సాగనంపిండ్రు, ఎక్కినవా అని అడిగితె ఏం చెప్పాలె? ఇవన్ని నిజమే. అయితె ఇవి కారణాలా, తర్వాత నేను అల్లుకున్నయా? ఆ టైంల నేను ఇవేవీ అనుకోలె. నోట్లెకెల్లి అంకె వచ్చింది, అంతే. మనిషికి తెల్వకుంటనే నోరు అబద్ధం ఆడ్తదా? ఆడుతదంటె నాకు సులువు. గందుకే ఆ మాట మీద నాకే అనుమానం.

తెల్లారి నడుస్తుంటె మాకు దారి సూపే షెర్పా అన్న ఒకసారి ఆగి, నీ దోస్తు బాగ మెల్లగ నడుస్తుండు, తబియత్ మంచిగుందా అని హిందీల అడిగిండు. ఆయన నడకే గంత అన్న. ఇది రెండో అబద్ధం. మొదటిది నోరు జారింది అనుకుందం, మరి రెండోది?

నేను ముందల, లింగయ్య నా ఎనుక. మంచు గోడకు కట్టిన తాడు పట్టుకొని ఎక్కుతున్నం. నేను ఎంతసేపు ఎనక్కు సూడలెనో తెల్వదు. సూసినప్పుడు ఆయన కూసొని ఉండె. కుడిచేతి గ్లౌజులు, లోపలిది, పైది, రెండూ తీసి పక్కకు పెట్టి, ఉత్త చేతితోని తాడు తుడుస్తుండు. తాడుకు తేనె అంటింది, పట్టు దొరుకుత లేదు అంటుండు. ఈగలు ముసురుతున్నయని తల అటిటు ఊపుతుండు. గాలి అందక బుర్ర పనిచేసుడు బందైతె గట్లనే అయితదని ఇప్పుడు నాకు తెల్సు. అప్పుడు గూడ తెల్సు. శిక్షణల మొదటి వారమే చెప్పిండ్రు.

నేను, షెర్పా అన్న కలిసి దించినం. ఎట్ల దించినమో నాకు సగం యాది లేదు. నేను ఏడ్సిన, తిట్టిన, ఈడ్సిన, నా ఆక్సిజన్ సీసల గాలి ఆయనకు పెట్టిన. హెలికాప్టరు వచ్చింది. కాట్మండు దవాఖానల కుడిచేతి నాలుగు వేళ్లు తీసేసిండ్రు. బొటనవేలు మిగిలింది.

కొండ కొసకు గూడ పోని నేను ఇంటికొచ్చేసరికి పెద్దమనిషినైన. దోస్తు కోసం శిఖరం ఇడిచిపెట్టిండని పేపర్ల రాసిండ్రు. వనపర్తిల నా ఫోటోతోని ఫ్లెక్సీలు కట్టిండ్రు. శాలువలు కప్పిండ్రు. ఒక బడిల ఆటల సారుగ నౌకరి ఇచ్చిండ్రు, ఇప్పుడు పిల్లలకు ధైర్యం గురించి నేనే చెప్తున్న, సిగ్గు లేకుంట. సన్మానాలల్ల లింగయ్య గూడ స్టేజి ఎక్కి, మా బామ్మర్ది లేకుంటె నేను లేను అని ఆ చెయ్యి పైకెత్తి సూపించేటోడు. నేను తల దించుకునేది. ఎంత వినయం అనుకునేటోళ్లు జనం.

వేళ్ల ముచ్చట ఒక్కటే అయితె నేను ఇది రాసేటోన్ని కాదేమో, నా గుణం నాకు తెల్సు. ఇంకోటుంది. డాక్టరు రిపోర్టుల అంకె మంచిగనే ఉండె అని ఉంది. అంకె మంచిగుంటె మరి గ్లౌజులెందుకు తీసిండు? మనిషిలనే ఏదో లోపముండాలె కద. సొంత నిర్లక్ష్యం అని రాసిండ్రు. పెంటల అది ఇంకో తీరుగ పోయింది. మంచుల చెయ్యి బయట పెట్టినోడు, మతి నిలకడ లేనోడు అన్నరు. తేనె దించనికె ఎట్లా పోలేడు, పైన కూసొని తాడు నడుముకు సుట్టుకొని పట్టొచ్చు, దానికి వేళ్లు అక్కర్లేదు. అది గూడ పట్టనిస్త లేరు. ఆయన చెల్లెండ్ల మొగండ్లకు భార్య తోడబుట్టినోడు ఆయనే, అయినా వాండ్లు వేరేటోన్ని పిలుచుకుంటుండ్రు. సొంత చెల్లెలే, అన్నా నువ్వు పక్కకు కూసో అన్నదంట.

పెద్దమ్మి గూడ కోపమొస్తె గదే అంటది, ఎందుకు తీసినవు పిచ్చోడా అని. ఎందుకు తీసిన్నో నాకే తెల్వదు బామ్మర్దీ, నా తలకాయల ఏదో పురుగుంది అని నాతోని చాలాసార్లు అన్నడు. కొడుకును ఎత్తుకొని బండ అంచుకు పోవాలంటె ఆయనకే భయమట, ఎప్పుడేం చేస్తనో అని. తన మీద తనకే నమ్మకం లేకుంట ఆరేండ్ల సంది బతుకుతుండు. ఆయన తలకాయల ఏ పురుగు లేదని తెల్సినోన్ని నేనొక్కన్నే.

పోయిన నెల పోయిన. మన్ననూర్‌ల బస్సు దిగి, చెక్‌పోస్టు కాడ పేరు రాసి, నడుసుకుంట పోయిన. ఆయన, పెద్దమ్మి, చెల్లెండ్లు, వాండ్ల మొగండ్లు, అందరున్న కాడనే చెప్పిన. రెండుసార్లు సూసిన, అరవై రెండు, అరవై నాలుగు, నేను డెబ్బై ఆరన్న, తప్పు నాది, లింగయ్య మతి మంచిగనే ఉంది అన్న. ఏడుస్త అనుకున్న, ఏడుపు రాలె. తంతరేమో అనుకున్న. తంతె బాగుండు అని గూడ అనుకున్న.

లింగయ్య నవ్విండు. లేసి వచ్చి, ఆ చేతికి మిగిలిన బొటనవేలుతోని నా చెంప మీద రాసిండు. "నా పేరు నిలబెట్టనికె నువ్వు అబద్ధం మీదేసుకుంటున్నవు. తాడు పట్టిన బామ్మర్ది గట్ల చెయ్యడు," అన్నడు. చెల్లెండ్ల దిక్కు తిరిగి, సూసిండ్రా, గిట్లుండాలె మనిషంటె అన్నడు. వాండ్లు తలలూపిండ్రు. పెద్దమ్మి నా ముందల కంచం పెట్టి పోయింది. ఆమెకు సమజ్ అయ్యిందా? అయినా ఆ కంచం పెట్టిందా? బస్సుల వనపర్తి దాక అదే ఆలోచించిన, ఇయ్యాల్టికీ తెల్తలేదు.

నిజం చెప్పినంక ఆయనకు నేను ఇంకా మంచోన్నైన. ఆయన ఇంకా పిచ్చోడే. మల్ల పోయి చెప్పాల్నా? ఎన్నిసార్లు చెప్తె నమ్ముతరు? నమ్మాలంటె ముందల నేను ఆ ఇంటికి ఏం కాకుంట పోవాలె.

గందుకే మీకు చెప్పిన. మీకు నేనేం గాను. నా చేతుల మీ తాడు లేదు, నన్ను మంచోడు అనుకునే అక్కర మీకు లేదు. నేను చేసిన అంటె, చేసిండు అని మీరు నమ్ముతరు. ఒక్కరన్న నమ్మిండ్రు అనుకుంటె, లోపల జర ఊపిరి ఆడుతున్నది.