కంప్యూటర్ పట్టించిన చదువు

మా కడియం మొక్కల నర్సరీ ఆఫీసు గదిలో ఒక్కటే కంప్యూటర్. ఇంటిల్లిపాదికీ ఒకే యూజర్. వేరువేరుగా పెడదామంటే "మనలో మనకి తాళాలేంటమ్మా" అనేవారు మావయ్యగారు. దాంతో ఆ మెషీన్ మా అందరినీ కలిపి ఒక్క మనిషే అనుకునేది. పై గడిలో ఒక అక్షరం కొడితే చాలు, అంతకుముందు చూసినవన్నీ వరసగా దించేసేది. మల్లె అంట్లు, క్రికెట్ స్కోర్లు, పెళ్లి సంబంధాలు, అన్నీ ఒకే చోట.

మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నేను టీచర్ పరీక్ష మోడల్ పేపర్లు చూసేదాన్ని. బీఎడ్ చేసి, మూడేళ్లుగా మొక్కల బిల్లులు రాస్తున్నాను. ఈసారి పరీక్ష రాసి తీరాలనుకున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చూసినవి తుడిచేయడం తెలుసు, కానీ నేనేం దొంగతనం చేశానని తుడవాలి?

ఒకరోజు మావయ్యగారు ఒంటివేలితో ఏదో కొడుతుంటే ఆ పేపర్లు బయటపడ్డాయి. ఆయన మొహం చేటంత అయింది.

"ఇదిగో, విన్నావా! మన చిన్నోడు టీచర్ ఉద్యోగానికి చదువుతున్నాడే!" అని అత్తయ్యగారికి కేకేశారు.

బీఎడ్ అయ్యాక ఊరంతా తిరుగుతున్న మా మరిది కాదనలేదు! తల వంచుకుని ముసిముసిగా నవ్వాడు. ఇక వాణ్ని లారీ లోడింగుకి పిలవొద్దన్నారు. పూర్ణాలు వండాలన్నారు. ఆ పూర్ణాలు వేయించింది నేనే. ఒళ్లు మండిపోయింది.

పళ్లెం కంప్యూటర్ బల్ల మీద పెట్టి, "మావయ్యగారూ, ఒకసారి ఇలా రండి" అన్నాను. హిస్టరీ తెరిచాను. ఏ రోజు ఏం చూశామో అందులో ఉంటుంది.

"సోమ, మంగళ, బుధ, రోజూ ఈ పేపర్లే చూశారండి. ఆ మూడ్రోజులూ మీ చిన్నబ్బాయి మొక్కల లారీతో బెంగళూరు వెళ్లాడు కదా. మరి చూసిందెవరండి?"

మరిది చేతిలో పూర్ణం అలాగే ఉండిపోయింది. మావయ్యగారు తెరకేసి చూశారు, నాకేసి చూశారు.

"నువ్వా?"

"నేనేనండి. ఫీజు కూడా కట్టేశాను. రాస్తాను."

"ఒక్క మాట చెప్పచ్చు కదమ్మా."

"ఈ ఇంట్లో బీఎడ్ చేసింది ఇద్దరమండి. మీకు ఒక్కరే గుర్తొచ్చారు."

ఆయన కంప్యూటర్ ముందున్న కుర్చీ నా వైపు జరిపారు. 

"కూర్చో అమ్మా. చదువుకో."