కరెంటు లేకుండా వెలిగిన లైటు

ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిది ఏదైనా ఉందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఏలూరు నుంచి రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి ఐటీఐ చదివి, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ తెచ్చుకుని అప్పటికి నెల తిరగలేదు. మా వంశంలో కరెంటు సామాన్లు అమ్మినవాళ్లే గానీ (అట్టపెట్టెలో ఉన్న స్విచ్చుని కూడా భయంభయంగానే అందించేవారు మా పెదనాన్నగారు) బాగుచేసినవాళ్లు ఒక్కరూ లేరు. "ఆడపిల్ల నిచ్చెనలెక్కి వైర్లు లాగడవేంటమ్మా, నీడపట్టున కొట్లో కూర్చోక" అనేవారు నాన్నగారు. రెండు పూటలు అన్నం మానేసి పోరితే ఒక మెట్టు దిగారు. "సరే, ఒక్క పని నా కళ్లముందు చేసి చూపించు. చెయ్యలేకపోయావా, కౌంటరే నీకు గతి" అన్నారు.

ఆ ఒక్క పనీ మర్నాడు పొద్దున్నే కొట్టు ముందుకొచ్చి ఆగింది. మంచాలు, పొయ్యి, సింకు, నీళ్ల పంపు అన్నీ లోపలే ఉన్న క్యారవాన్. అలాంటి బళ్లు సినిమావాళ్లకే ఉంటాయనుకునేదాన్ని. అందులోంచి దిగినావిడ రిటైరైన టీచరుగారు. భర్తతో కలిసి కొల్లేటికోట దగ్గర మకాం పెట్టి, పక్షుల్ని చూస్తున్నారట. "ఒక లైటు వేస్తే బానే ఉంటుందమ్మా. రెండోది వేస్తే రెండూ గుడ్డిగా అయిపోతాయి. పంపు వేశామా, ఇంక అన్నీ ఆరిపోడవే" అన్నారావిడ. "మా అమ్మాయి చూస్తుందండి" అన్నారు నాన్నగారు, నావంక ఓరగా చూస్తూ.

పాఠంలో చెప్పినట్టే రబ్బరు చెప్పులు తొడుక్కున్నాను. చెక్క స్టూలు తెప్పించాను. "ప్రమాదమండీ" అంటూ దంపతులిద్దర్నీ కిందికి దింపి ఎండలో నిలబెట్టాను. (ఆ లైట్లకి వచ్చేది పన్నెండు వోల్టుల బ్యాటరీ కరెంటు. ముట్టుకుంటే చీమ కుట్టినట్టయినా ఉండదు.) ఒక లైటు వేసి, మూత విప్పి, వైరు మీద టెస్టర్ పెట్టాను. టెస్టర్ వెలగలేదు. రెండో వైరు మీద పెట్టాను, ఊహూఁ. నాలుగు లైట్లూ విప్పి, కప్పుకి కొట్టిన పలకలు రెండు ఊడదీసి, కనిపించిన ప్రతి వైరునీ పొడిచి చూశాను. ఇంట్లో గోడ ప్లగ్గులకి పనికొచ్చే ఆ టెస్టర్ అంత తక్కువ వోల్టేజికి వెలగనే వెలగదన్న సంగతి నాకు తెలియదు. చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి తీర్పు చెప్పాను.

"వైర్లలో ఎక్కడా కరెంటు లేదండీ."

టీచరుగారు నా భుజం మీంచి లోపలికి చూశారు. "మరి ఆ లైటు వెలుగుతోంది కదమ్మా?"

"అవునండీ. అదే ప్రాబ్లమ్."

నాన్నగారు గుడ్డ తీసుకుని కౌంటరూ, దాని వెనక కుర్చీ దులపడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చింది.

ఈలోగా టీచరుగారి భర్త పక్కవీధి నుంచి అందరూ లైట్ల తాతగారు అని పిలిచే పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చారు. ఆటోలకీ లారీలకీ వైరింగు చేసే సాయిబుగారాయన. చేతిలో పెట్టె లేదు, మీటరు లేదు, బారెడు వైర్లు రెండు కట్టిన చిన్న బల్బు తప్ప. వస్తూనే బ్యాటరీ రెండు కొసల్నీ ఉత్త చేతులతో పట్టుకున్నారు. నేను కెవ్వుమన్నాను. "ఏం కాదులెండి అమ్మాయిగారూ, దీనికంత బలం లేదు" అన్నారు. తర్వాత బల్బు వైరు ఒకటి బ్యాటరీ మైనస్సుకి తగిలించి, రెండోది నేను విప్పిన లైటుకి కరెంటు తెచ్చే వైరుకి ఆనించారు. బల్బు భగ్గున వెలిగింది. మొదటిదాన్ని ప్లస్సుకి మార్చి, రెండోది లైటు నుంచి తిరిగివెళ్లే వైరుకి ఆనించారు. ఈసారి మిణుకుమంది. అంతే, ఆయన పని అయిపోయింది.

"వచ్చే దారి శుభ్రంగా ఉందండి. వెళ్లే దారే మూసుకుపోయింది. లైట్లన్నిటికీ, పంపుకీ కలిపి తిరుగుదారి ఒక్కటే ఉంటుంది. అదేంటో చెప్పండి చూద్దాం."

నేను బండిని కిందా మీదా చూశాను. "బండి ఇనుమేనాండీ?"

"మరే. ఆ ఇనుముని బ్యాటరీకి కలిపే బోల్టు కింద ఎక్కడో ఉంటుంది. వెళ్లి చూడండి."

రబ్బరు చెప్పులు విడిచి బండి కిందికి దూరాను. రోడ్డు మీదికొచ్చిన కొల్లేటి నీళ్లలోంచి వచ్చిన బండి కదా, వెనకచక్రం పక్కన బురద పట్టి, తుప్పెక్కి, వదులుగా వేలాడుతోంది బోల్టు. ఉప్పుకాగితంతో రుద్ది బిగించాను. పైన టీచరుగారు ఒక్కొక్క స్విచ్చే వేశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆఖరుకి పంపు కూడా. ఒక్క లైటూ మసకబారలేదు. పట్టపగలు, నాలుగు మామూలు లైట్లు. అయినా గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఒక్క పలకా ఊడదీయకుండా, ఇంకో మూత విప్పకుండా, కంటికి కనబడని దారిలో అడ్డం ఎక్కడుందో కనిపెట్టిన మనిషిని అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇంతకీ ఎవరు చేశారండీ?" అనడిగారు నాన్నగారు.

తాతగారు బల్బుకి వైర్లు చుట్టుకుంటూ, "బోల్టు బిగించింది అమ్మాయిగారేనండి. చేతులు చూడండి" అన్నారు.

మోచేతుల దాకా నల్లగా ఉన్న నా చేతుల్ని నాన్నగారు తిప్పి చూశారు. కౌంటరు దులిపిన గుడ్డ ఇచ్చి "తుడుచుకో" అన్నారు. మర్నాటి నుంచి ఆ కుర్చీలో మా తమ్ముడు కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ కొట్టు పక్కనే నా వర్క్‌షాపు. తాతగారు లేరు. ఆయనిచ్చిన బల్బు మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఖరీదైన మీటర్లున్నా నా చెయ్యి ముందు దానిమీదికే పోతుంది. టీచరుగారు మాత్రం కొల్లేరుకి పక్షులొచ్చే వేళకి ఏటా వస్తారు. బండిలో లైట్లన్నీ వేసి, "ఏవమ్మా, ఇవి కరెంటు ఉండే వెలుగుతున్నాయంటావా?" అంటారు. సొరుగులోంచి నా పాత టెస్టర్ తీసి పెట్టి చూస్తాను. వెలగదు. "లేదండీ" అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. ఇన్నేళ్ల పని తర్వాత కూడా, ఏ బండి గురించీ అంత ధీమాగా నేను మళ్లీ ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ రబ్బరు చెప్పుల పిల్లని తలచుకుంటే నవ్వుతోబాటు కాస్త అసూయ కూడా కలుగుతుంది.