పడవకు మామ ఇచ్చిన నూనె

మా మామ పోయాడని పోయిన మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. “మీ మామ లేయలేదు పాపా. కాపీ పెట్టి రెండు తూర్లు పిలిస్తి. కాపీ ఆరిపోయింది, ఆయప్ప లేయలేదు” అంది. అంతే. ఆమె గొంతులో ఏడుపు లేదు. అది నా వంతుకు వచ్చింది. తూత్తుకుడిలో బస్సెక్కి కోవిల్‌పట్టి చేరేసరికి వాకిట్లో బెంచీలు వేసి ఉన్నాయి. వచ్చినవాళ్ళలో సగం మంది చేతులకు గ్రీసు మరకలున్నాయి. పని మధ్యలో లేచి వచ్చినవాళ్ళు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కోవిల్‌పట్టి బస్టాండుకు కాస్త అవతల ఇంజన్ ఆయిల్ అంగడి ఆయనది. అంగడి చిన్నది, ఆయన నోరు మాత్రం పెద్దది. ఒట్టపిడారం వైపు నుంచి ట్రాక్టర్ల వాళ్ళు, ఏళాయిరంపన్నై నుంచి లారీల వాళ్ళు, బావి మీద డీజిల్ ఇంజన్ పెట్టుకున్న రైతులు, అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. డబ్బా పేరు చెప్పి అడిగితే ఇచ్చేవాడు కాదు. “పాత ఆయిలు ఏదీ?” అనేవాడు. ఇంజన్‌లోంచి తీసిన పాత నూనె ఒక్క చుక్కైనా తేవాలి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మిగిలిపోయే అట్టముక్కలు ఒక కట్ట ఎప్పుడూ బల్ల మీద ఉండేవి. చుక్కను అట్ట మీద వేసి, అది పాకేదాకా మాట్లాడకుండా కూర్చునేవాడు. నడుమ నల్లగా గడ్డకడితే ఒక మాట చెప్పేవాడు, అంచు పచ్చగా పాకితే ఇంకో మాట. చుక్క తేనివాడిని వెనక్కి పంపేవాడు. “డాక్టరు నాడి సూడకుండా మందిస్తాడా? పో, పోయి తీసుకొని దా” అనేవాడు. వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళి, తీసుకునే వచ్చేవాళ్ళు.

నేను తూత్తుకుడిలో బడి పంతులమ్మని. నాలుగేళ్ళ కిందట ఒక చిన్న ఫైబర్ పడవ కొన్నాను. పాతది, వెనక తగిలించే పెట్రోలు మోటారుతో సహా. చేపలు పట్టడానికి కాదు, ఆదివారం పూట మావాళ్ళను సరదాగా నీళ్ళ మీద తిప్పడానికి. మాది నల్లరేగడి మెట్ట. బస్సు కిటికీలోంచి చెరువు నిండుగా కనబడితే పక్కవాణ్ణి నిద్ర లేపి చూపించే జాతి. పడవ అనగానే చుట్టాలందరూ నవ్వారు. మామ నవ్వలేదు. “దానికి నూనె నేనిస్తా. ఇంగెవురి దగ్గిరా కొనొద్దు” అన్నాడు.

చిక్కల్లా ఒకటే. మోటారు అమ్మినతను పాత నూనె అంతా ఒంపేసి అమ్మాడు. మామకు చూపించడానికి చుక్క లేదు. ఇంకెవరైనా అయితే వెనక్కి పంపేవాడు. మేనకోడలిని వెనక్కి పంపడానికి మనసొప్పలేదు. అందుకని తన జన్మకు ఒక్కసారి ఊహించి ఇచ్చాడు. “ఉప్పు గాలి, ఎండ, అలల మీద మోత. శానా కష్టం దానికి” అంటూ, బావి ఇంజన్లకిచ్చే చిక్కటి డీజిల్ నూనె డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. నీళ్ళు తోడే ఇంజనూ నీళ్ళ మీద నడిచే ఇంజనూ ఆయన దృష్టిలో ఒకే ఇంటి పిల్లలు. నేనూ అడగలేదు. మామ ఇచ్చాక అడగడమేమిటి?

ఆ వేసవి మోటారు బాగానే నడిచింది. వానలు మొదలవగానే పడవను ఒడ్డెక్కించి, లోపల అదే నూనెతో మూడు నెలలు టార్పాలిన్ కింద వదిలేశాను. వానలు పోయాక మళ్ళీ దింపాను. మూడో ఆదివారం, మా అక్క కుటుంబంతో కలిపి ఆరుగురం ఒడ్డుకు బాగా దూరంగా ఉండగా, మోటారు గరగరమని ఆగిపోయింది. తాడు లాగీ లాగీ నా చేతులు బొబ్బలెక్కాయి. గాలి మమ్మల్ని ఇంకా లోపలికి తోస్తోంది. అక్క చిన్న కూతురు వాంతి చేసుకుంది. అక్క పిల్లను గట్టిగా పట్టుకుని నా వైపు చూసింది. నా అదృష్టం బాగుండి చేపల పడవ ఒకటి అటుగా వచ్చి, తాడు వేసి మమ్మల్ని లాక్కొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఇంత తాపీగా రాయగలుగుతున్నాను.

షెడ్డులో మెకానిక్ మోటారు విప్పి చూపించాడు. నూనె పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. లోపలంతా తుప్పు. “ఈ ఆయిల్ ఎవరిచ్చారు టీచర్?” అని తమిళంలో అడిగాడు. “నేనే చూసి కొన్నాను” అన్నాను. మామ పేరు చెప్పడానికి నోరు రాలేదు. అయితే మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే మామకు ఫోన్‌లో అంతా చెప్పేసింది.

మర్నాడు మామ అంగడి మూసి బస్సు దిగాడు. నేరుగా షెడ్డుకు వచ్చి, ఆ నూనెలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. మెకానిక్ ఆయన వయసులో సగం కూడా ఉండడు. అతనితో, “ఈమె కొనలేదు. ఇచ్చింది నేను. నలభై ఏళ్ళుగా నాకిదే పని. ఎక్కడ తప్పానో చెప్పు తంబీ” అన్నాడు. అతనే ఇబ్బంది పడ్డాడు. మామ బోర్లించిన బకెట్ మీద కూర్చుని విన్నాడు. బావి ఇంజన్ రోజంతా నడిచి కాగుతుంది, లోపలి తడి ఆవిరైపోతుంది. పడవ మోటారు వారానికి ఒక గంట నడుస్తుంది, దాన్ని సముద్రం నీళ్ళే చల్లబరుస్తుంటాయి, నూనెలో చేరిన తడి అక్కడే ఉండిపోతుంది. అందుకని తుప్పును ఆపే మందు కలిపిన బోటు నూనె వేరే ఉంటుంది. చిక్కదనం ఎంతో మోటారుతో వచ్చిన పుస్తకమే చెబుతుంది.

“పుస్తకం ఏదీ?” అన్నాడు మామ. అది ఇంగ్లీషులో ఉంది. నేను ఒక్కో వాక్యం చదివి మా ఇంటి తెలుగులో చెప్పాను. తరాలుగా తమిళనాడులోనే ఉన్నవాళ్ళం, మా తెలుగు మాట్లాడుకునేదే గాని చదువుకునేది కాదు. మామ దాన్ని తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. నాలుగు స్ట్రోకుల బోటు ఇంజన్‌కని డబ్బా మీద రాసి ఉంటేనే కొనాలి. బయల్దేరే ముందు ప్రతిసారీ మోటారులో ఉండే కొలత పుల్ల తీసి నూనె మట్టం, రంగు చూడాలి. వానలకు ఒడ్డెక్కించే ముందే పాతది తీసేసి కొత్తది పోయాలి. నేను ఈ తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్న ఇది మామ బతికున్నా చదవలేకపోయేవాడు. నేను చదివితే వినేవాడు, మధ్యలో పది తప్పులు పట్టేవాడు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. అంగడికి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. “సుక్క సూడకుండా ఇస్తి. ఆరుగురు సముద్రంలో నిల్సిపోయిరి” అని. “నీ అంగడిని నీ నోటితోనే మూస్తావా?” అని అత్త మొత్తుకుంది. ఆమె భయం ఊరికే పోలేదు. ఇరవై ఏళ్ళ వాడుక ఉన్న ఒట్టపిడారం ట్రాక్టరతను, “సొంత మేనకోడలి ఇంజన్నే పాడు చేసినోడు” అని వేరే అంగడికి మారిపోయాడు. మామకు అది బాగా తగిలింది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. నేను ఉండబట్టలేక, “వాళ్ళకేమైనా పడవలున్నాయా మామా? వాళ్ళకెందుకు చెప్పడం?” అన్నాను.

“నా మాట నమ్మి పోతారు పాపా వాళ్ళు. అది ఎప్పుడు తప్పిపోయిందో వాళ్ళకి తెలియాల” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అంత మొండితనం ఎందుకనిపించింది. ఇప్పుడు తరగతిలో నేను లెక్క తప్పు వేసి, పిల్లలు చూస్తుండగా తుడిచి మళ్ళీ వేసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. తుడవడానికి ఎంత సిగ్గేస్తుందో నాకు తెలుసు. ఆయన రోజూ అదే పని చేశాడు.

పడవ అన్నది లేని ఊళ్ళో మామ అలమారలో బోటు నూనె డబ్బాలు రెండు ఎప్పుడూ ఉండేవి, నా కోసం. “ఏం అంగడి మొదలాళీ, నల్ల కరిసల్ మట్టిలో పడవ తోలబోతావా?” అని రైతులు ఏడిపించేవాళ్ళు. “మంచి వాన పడనీ, సూస్తాం” అనేవాడు.

అయితే పడవ మాత్రం ఎక్కలేదు. మోటారు బాగుచేయించాక ఎన్నిసార్లు పిలిచినా, “ఒక వానాకాలం దాటనీ” అన్నాడు. అది దాటింది. “ఇంగొకటి” అన్నాడు. ఈ ఏడాది వానలు పూర్తిగా పోయాక, ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా అత్తతోనూ చింతపండు పులిసోరు డబ్బాతోనూ దిగాడు. పుల్ల తీసి నూనె తనే చూసుకుని, వెనక మోటారు పక్కన కూర్చున్నాడు.

ఒడ్డు సన్నగా కనబడేంత దూరం పోయాక, “ఆపు” అన్నాడు.

“నడి సముద్రంలో ఆపమంటావా? బుద్ధి ఉండాదా నీకు?” అని అత్త అరిచింది. నేను ఆపాను. నీళ్ళు పడవను తట్టే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మామ మోటారు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. “ఇప్పుడు లాగు” అన్నాడు. ఒక్క లాగుకే అందుకుంది. మళ్ళీ ఆపమన్నాడు. మళ్ళీ లాగమన్నాడు. మూడోసారి నా చేతిలోంచి తాడు తీసుకుని ఆయనే లాగాడు. అందుకుంది.

అప్పటిదాకా ఆయన సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడని నేను గమనించనే లేదు. మోటారు మీద నుంచి చెయ్యి తీసి, పంచెకు తుడుచుకుని, మెల్లగా సముద్రం వైపు తిరిగాడు.

“ఎన్ని నీళ్ళు పాపా!” అన్నాడు.