వెల్లకిలా పడ్డవాణ్ణి లేపడం

మొన్న షాద్‌నగర్ బజారులో ఒక కిరాణా దుకాణం ముందు నిలబడి ఉంటే లోపల ఎవరో ఆవనూనె డబ్బా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయనకు నూనె పడలేదనుకుని దుకాణదారుడు ఫ్యాను నా వైపు తిప్పాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. ఈ వయసులో కళ్ళు చెమర్చడానికి నూనె కంటే మర్యాదైన కారణం దొరకదు.

అది మా ఊరి తాలీం వాసన. కుస్తీ నేర్పే చోటును మేం తాలీం అనేవాళ్ళం. కల్వకుర్తికి రెండు కోసుల ఇవతల, గొర్ల మందలతో బతికే చిన్న ఊరు మాది. ఊరి చివర నాలుగు మట్టిగోడలు, పైన తాటాకుల కప్పు, నడుమ మోకాలి లోతు తవ్విన గుంత, ఆ గుంతలో జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఆ మట్టిలో ఆవనూనె, పుల్లమజ్జిగ, పసుపు, నిమ్మరసం. మా ఇళ్ళలో కూరలో కూడా అన్ని పడేవి కావు. వానాకాలంలో కప్పు కారి ఆ మట్టి పులిసిన పిండిలా వాసన కొట్టేది. పీర్ల పండుగకు జొన్నరొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో చిర్రగోనె ఆడుకుంటూ, మేం ఆ గోడల చుట్టూ తిరిగేవాళ్ళం. దసరా దగ్గర పడితే ఇల్లిల్లూ పొట్టేలు బొక్కల పులుసు కాచి మల్లయోధులకు పోసేది, ఎందుకంటే పక్క ఊళ్ళతో పోటీలు అప్పుడే.

మా ఊళ్ళో దొంగలు లేరు గానీ దొంగతనాలు ఉండేవి. అంగట్లో పొట్టేళ్ళు అమ్మి వచ్చేవాళ్ళ జేబులు తెగేవి, ఆడవాళ్ళ మెడలు బోసిపోయేవి. అందుకే మగపిల్లలందరినీ తాలీంకు తోలేవారు. "నాలుగు పట్లు నేర్సుకో బిడ్డా, ఎవడన్న మీదికొస్తె పనికొస్తయ్" అన్నాడు మా బాపు. నేర్చుకున్నాను. వాటిలో మూడు, దెబ్బ తగలకుండా కింద పడే పద్ధతులు.

ఆ విద్య మా ఇంట్లో నిజంగా అబ్బింది బాపు తమ్ముడు మల్లయ్య కాకకు. చంకకొక గొర్రెపిల్లను ఇరికించుకుని గుట్ట దిగేవాడు, మా గుమ్మంలోంచి పక్కకు తిరిగి లోపలికి వచ్చేవాడు, మాట మాత్రం పక్కనున్నవాడికి కూడా సగమే వినపడేది. మా అవ్వ తంబాకు నములుతూ కొడుకును చూసి, "వీనికి గట్క పొయ్యాల్నంటె కుండ సాలది, బాయి తవ్వాలె" అని రోజుకోసారి అనేది, అని ఇంకో గరిటె పోసేది. ఆ ఏడు దసరా వెళ్ళాక కాక పెళ్ళి. పిల్ల తండ్రి మా అరుగు మీద కూర్చుని కాక భుజాలను గొర్రెను బేరమాడినట్టు చూసి, "మా పిల్ల గీయనతోని అంగడికి పోతె నాకేం ఫికర్ లేదు" అన్నాడు. కట్నం మాటకంటే ముందు ఖాయమైంది అదే.

తాలీంలో ఒక నియమం ఉండేది. రెండు భుజాలూ మట్టికి ఆనితే చిత్, అంటే ఓడినట్టు. ఆ క్షణంలోనే గెలిచినవాడు మీదినుంచి లేవాలి, కుడిచెయ్యి అందించాలి, పడ్డవాణ్ణి లేపాలి, ఇద్దరూ మట్టి తీసి కళ్ళకద్దుకోవాలి. ఊపిరి తీసుకునేంత ఆలస్యమైనా కుస్తీ నేర్పే ఉస్తాద్ వేపబెత్తం గెలిచినవాడి వీపు మీదే పడేది. "లేపకపోతె గెల్సినట్టు గాదుర" అనేవాడు ఆ ముసలాయన. పడేయడం, లేపడం రెండూ కలిసి ఒకే పట్టుగా మా ఒంట్లో కుదురుకున్నాయి. కాకకైతే బెత్తం పడిన గుర్తే లేదు.

దసరాకు ముందు అంగడినాడు బాపు, కాక, అవ్వ, నేను పొట్టేళ్ళు తోలుకుని కల్వకుర్తి పోయాం. మిట్టమధ్యాహ్నం అవ్వ గాజులు బేరమాడుతుంటే, వెనకనుంచి ఒకడు ఆమె మెడలోని గుండ్లపేరు తెంపుకుని ఉరికాడు.

"నా గుండ్లపేరు పాయె, మల్లిగా" అంది అవ్వ.

కాక నాలుగు అంగల్లో వాణ్ణి అందుకున్నాడు. అంతవరకూ అంతా బాపు చెప్పినట్టే జరిగింది. ఆ తర్వాత జనం వచ్చారు. చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు, ముందున్నవాళ్ళు కూర్చున్నారు, ఒకడు ఈల వేశాడు. "పట్టు మల్లన్నా, నడుం పట్టు" అని సోడాల బండివాడు బండి వదిలి వచ్చి మరీ అరిచాడు. కాక భుజం వంచి, చాకలి బండకు బట్ట కొట్టినట్టు వాణ్ణి తిప్పి నేలకు కొట్టాడు. రెండు భుజాలూ ఆనాయి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కాక మీదినుంచి లేచి కుడిచెయ్యి అందించాడు.

వాడు ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని లేచాడు. కుడిచేత్తో మొలలోంచి చాకు తీసి కాక మోచేతి నుంచి మణికట్టు దాకా కోశాడు. ఎన్నేళ్ళుగానో లంగోటీ తప్ప మరేమీ లేనివాళ్ళతోనే ఆడినవాడికి, ఎదుటివాడి మొలలో ఇంకేదైనా ఉంటుందని తోచలేదు. వాడు వంగి, కింద జారిపడ్డ గుండ్లపేరు ఏరుకున్నాడు. జనం పక్కకు జరిగి, గెలిచినవాడికి ఇచ్చినట్టే వాడికి దారి ఇచ్చారు.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు ప్రాణానికి ఢోకా లేదన్నాడు, నరాలు తెగాయి గనుక వేళ్ళు ముడవవన్నాడు, మొత్తానికి అదృష్టవంతుడన్నాడు. మూడోనాడు ఉస్తాద్ బస్సెక్కి చూడటానికి వచ్చాడు.

"ఎందుకు లేపినవుర?"

"చిత్ అయిండు గద ఉస్తాద్."

"వాడు దొంగరా."

"పడ్డంక గూడనా?" అన్నాడు కాక.

ఉస్తాద్ నా వైపు తిరిగి జర నీళ్ళు పొయ్యమన్నాడు. తాగి వెళ్ళిపోయాడు.

ఊరికి రాగానే ఆయన నియమం మార్చాడు. గెలిచినవాడు పడ్డవాడి మీదినుంచి ఇక లేవొద్దన్నాడు. వినడానికి తెలివైన మాటే. కానీ అందించే చెయ్యి కనపడితేనే ఆట ముగిసిందని కింద ఉన్నవాడికి తెలిసేది. అది లేకపోయేసరికి ఎవడూ ఓడిపోలేదు. ఒకడి చెవి ఒకడు కరిచాడు, మట్టి కళ్ళలో కొట్టుకున్నారు, ఒకడి భుజం జారింది. ఎద్దులు బదులిచ్చుకునే తండ్రులు పలకరింపులు మానేశారు. జొన్న కోతలనాటికి తాలీంకు వచ్చేవాడు ఉస్తాద్ ఒక్కడే. పొద్దున్నే గుంత తవ్వి, మట్టి మెత్తగా చేసి, గట్టు మీద కూర్చునేవాడు. మరుసటి వానలకు కప్పు కూలాక ఆయన నల్గొండలోని కూతురి దగ్గరికి పోయాడు.

పిల్ల తరఫువాళ్ళు ఏ గొడవా చేయలేదు. చాలా మర్యాదగా రావడం మానేశారు. ఉన్ని కత్తిరించలేని, గొర్రెపిల్ల కాలు పట్టలేని చేతితో కాక ఎడమచేత్తో కట్టె పట్టుకుని మంద వెంట తిరిగాడు, ఒంటరిగా, నలభై ఏళ్ళకు పైగా. అవ్వ మాత్రం బావి మాట మళ్ళీ ఎత్తలేదు. అన్నం ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టేది.

పట్నంలో కాలేజీ చదువు అబ్బి, లోకంలో ప్రతిదానికీ ఒక అభిప్రాయం ఏర్పడ్డాక, ఒక సెలవుల్లో మంద దగ్గర కూర్చుని అడిగాను. "కాకా, గింతకు దొంగల మీద కుస్తీ పనికొస్తదా, రాదా?"

ఆయన గొర్రె ఉన్నిలోంచి పల్లేరుకాయ ఒకటి ఎడమచేత్తో పీకి పక్కన పారేశాడు.

"ఎందుకు రాదు బిడ్డా? కని దొంగకు గూడ కుస్తీ రావాలె."

కాక పోయి చాలా ఏళ్ళయింది. తాలీం గుంతను ప్లాట్లు చేసేవాళ్ళు కూలిన గోడల మట్టితోనే పూడ్చారు. పక్క ఊళ్ళతో పోటీలు లేవు, మలీద దంచే రోళ్ళు లేవు, చిత్ అంటే ఏమిటో ఊళ్ళో కుర్రవాళ్ళను అడిగితే నా వైపు జాలిగా చూస్తారు. కల్వకుర్తి అంగట్లో మెడలోవి ఇప్పటికీ పోతున్నాయి. పోయినప్పుడల్లా జనం ఇప్పటికీ గుండ్రంగా నిలబడతారు. లోపలికి దిగేవాడే ఉండడు.